కరపత్రాల మీద బరువు

ఉల్లిపాయలు వేయించే పని నాదే. బడి ఆవరణలో ఓటింగ్ జరిగిన ప్రతిసారీ రొట్టెలో సాసేజ్ పెట్టి అమ్మడం మా ఊరి ఆనవాయితీ, ఆ పెనం ముందు పొద్దున్నుంచీ నిలబడేది నేను. ఈసారి గేటు దగ్గర కరపత్రాలు పంచుతున్నది మా ఆయన ట్రెవర్. మేయర్ కావాలట మహానుభావుడికి! తాను తాగిన కప్పు ఎక్కడ పెట్టాలో తెలియదు గానీ ఊరంతా చక్కదిద్దుతాడట.

కుడి రొమ్ము తీసేసి పన్నెండేళ్ళయింది. ఆపరేషన్‌తో మళ్ళీ కొత్తది కట్టించుకోనన్నాను. ఆ పక్క చెయ్యి ఇప్పటికీ వాస్తుంది, బిగుతు తొడుగు లేకుండా ఒక గిన్నె ఎత్తలేను. బ్రాలో పెట్టుకునే సిలికాన్ ముద్ద ఒకటుంది. పెనం సెగకి, చెమటకి అది కోత మచ్చంతా ఒరిసేస్తుంది. అందుకే ఇవాళ ఇంట్లో వదిలేసి వచ్చాను.

ట్రెవర్ కళ్ళు నా చొక్కా మీద పడ్డాయి. ఇంటికి వెళ్ళి, చిన్న ఐస్ పెట్టె పట్టుకుని గబగబా వచ్చాడు. లోపల కూల్‌డ్రింకుల పక్కన, తువ్వాల్లో చుట్టిన నా ముద్ద.

"నోలీన్, ఈ ఒక్క పూటకి పెట్టుకోవే. అందరూ చూస్తున్నారు."

"ఏం చూస్తున్నారు?"

"అదే... ఒక పక్క చదునుగా. పేపరువాడు ఫొటో తీస్తానన్నాడు. నా పరువు తియ్యకు."

ఆహా, ఏం పరువు! అతను పంచే కరపత్రంలో ఏముందో తెలుసా? 'భార్య కాన్సర్‌తో పోరాడుతుంటే నీడలా నిలిచిన మనిషి.' నీడే! ఆపరేషన్ అయ్యాక నా చంక కిందనుంచి రక్తం తీసే గొట్టాలు వేలాడిన వారం ఆ నీడ చేపలు పట్టడానికి పోయింది. "అవి చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి, తెలుసుగా" అన్నాడు. తిరిగొచ్చి చేపలన్నీ నా సింకులో పడేస్తే ఒంటి చేత్తో పొలుసులు గీకాను. ఆడపడుచు ఏవిస్ చూడటానికొచ్చి, "పాపం మా తమ్ముడు, ఎలా సర్దుకుపోతున్నాడో" అని అతని మీదే జాలిపడింది. నా కాన్సర్ ఓట్లకి పనికొస్తుంది. అది మిగిల్చిన ఒళ్ళు మాత్రం ఫొటోకి పనికిరాదు. థూ!

"ఉల్లిపాయలు మాడుతున్నాయండీ!" అని వరసలోంచి ఎవరో అరిచారు.

"ఇదిగో, ఈయన వేయిస్తాడు" అని పట్టకారు ట్రెవర్ చేతిలో పెట్టాను. అతను నోరు తెరిచేలోపు ఐస్ పెట్టెలోంచి ముద్ద తీసుకుని గేటు దగ్గరికి నడిచాను. సముద్రపు గాలికి బల్ల మీది కరపత్రాలు ఎగిరిపోతున్నాయి. దొరికినవి ఏరి, దొంతి పెట్టి, పైన బరువుగా ముద్ద పెట్టాను.

"ఇదేంటమ్మా?" అంది ఒక పెద్దావిడ.

"ఇందులో రాసిన కాన్సర్ ఇదేనండీ. ఆయన నీడ, ఇది నేను."

వెనక ట్రెవర్ "నోలీన్! నోలీన్!" అంటూనే ఉన్నాడు. బడి హాల్లోకి వెళ్ళి నా ఓటు కాగితం తీసుకున్నాను. మేయర్ పదవికి నిలబడ్డవాళ్ళు ఐదుగురు, ఎవరు ఎంత నచ్చితే ఆ వరసలో అంకెలు వెయ్యాలి; అందరికంటే నచ్చినవాళ్ళ పక్కన ఒకటి వేసి ఊరుకున్నా చాలు, ఓటు చెల్లుతుంది. నేను తీరిగ్గా, వాచిన చేత్తోనే, ఐదుగురికీ అంకెలు వేశాను. ట్రెవర్‌కి ఐదు.