సెలో చేతి పని

శనివారం పొద్దున సెలో శవపేటిక గడప దాటకముందే వీధి వీధంతా అతని స్నేహితుడు భెకి మొహంలోకి చూడటం మొదలుపెట్టింది. కారు తిప్పుతాడా, మొహం చాటేస్తాడా అని అందరికీ అనుమానమే.

దక్షిణాఫ్రికాలోని ఆ సొవెటోలో కార్ల పిచ్చి ఉన్నవాడు పోతే శ్మశానం గేటు ముందు గుషెషెను గిరగిరా తిప్పి, ఆ టైర్ల పొగలో సాగనంపాలి. గుషెషె అంటే ముప్పై ఏళ్ల కిందటి జర్మన్ కారు. చూడటానికి డబ్బాలా ఉంటుంది గానీ, గట్టిగా తొక్కితే ఈనాటి కొత్త బండ్లు కూడా వెనకబడాల్సిందే. ఒకప్పుడు ఆ వీధిలో ఏడుండేవి. ఇప్పుడు నడిచేది భెకిది ఒక్కటే. సెలో లాంటి మెకానిక్కుకు ఆ పొగ కూడా దక్కకపోతే ఇంకెవరికి దక్కాలి?

భెకికి మాత్రం సోమవారమే కళ్ళముందు కదులుతోంది. అతని భార్య నొజిఫోకు మూత్రపిండాలు పాడై రెండేళ్ళయింది. సోమవారం మొదలుకొని వారానికి మూడుసార్లు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి రక్తం శుద్ధి చేయించాలి. పదిమందితో కలిసి ఎక్కే టాక్సీ వ్యాన్లలో వెళ్తే రెండు మారాలి, ప్రతిచోటా బారెడు వరసలో నిలబడాలి. ఒకసారి ఆ వరసలోనే కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పట్నుంచీ ఆ కారు వెనక సీటే ఆమెకు మంచం. కారు పడకేస్తే మనిషీ పడకేసినట్టే.

పైగా భెకి అలిసిపోయాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ కారుకు చాకిరీ చేసి చేసి నడుం పడిపోయింది. ఆదివారమొస్తే సెలోతో కలిసి పాత ఇనుప సామాను దొడ్లన్నీ గాలించడం, ఏ బండిదో నీళ్ళ గొట్టం తెచ్చి దీనికి కోసి తొడగడం, కిటికీ అద్దం కిందికి జారకుండా చెక్కముక్క దూర్చడం. కొత్త సామాను కొన్న పాపాన పోలేదు. అయినా ఇద్దరికీ ఒక్క విషయంలో మహా పట్టింపు. మోసప్పని చెయ్యరు.

ఆ మోసప్పని ఏమిటో వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాత కార్లమ్మే స్కుంబుజో ఒకసారి ఓ పంతులమ్మకు బండి అంటగట్టాడు. నెల తిరక్కుండా అది కూలబడితే, వెనక చక్రాలను తిప్పే పళ్ళ పెట్టెను సెలో నడివీధిలో విప్పి చూపించాడు. నిండా రంపపు పొట్టు! అరిగిన పళ్ళ మధ్య పొట్టు పోస్తే మూలుగు ఆగిపోతుంది, బండి పట్టులా నడుస్తుంది, గట్టిగా బరువు పడ్డ రోజున మాత్రం పళ్ళన్నీ రాలిపోతాయి. ఆ రోజు స్కుంబుజో పరువు గంగలో కలిసింది. పదేళ్ళైనా ఆ కసి వాడి కడుపులోనే ఉంది.

ఇప్పుడు శ్మశానం గేటు దగ్గర అందరికీ వినబడేలా, భెకికి స్నేహితుడి కన్నా టైర్లే ముద్దేమో అని నవ్వుతున్నది కూడా వాడే.

నొజిఫో భర్త చెయ్యి పట్టుకుంది. "తిప్పవయ్యా. నా గురించి ఆలోచించకు. మొన్న చలికాలంలో ఆ వెనక పళ్ళ పెట్టె బాగుచేసింది సెలోనే కదా?"

నిజమే. జూన్ చలిలో ఆ పెట్టె కుక్కలా మూలుగుతుంటే సెలో ఒక్క పూటలో నోరు మూయించాడు. సెలో చెయ్యి పడ్డాక ఇంకేం భయం అనుకున్నాడు భెకి. కోటు విప్పి భార్య చేతికిచ్చి కారెక్కాడు.

మొదటి చుట్టుకు జనం ఈలలు వేశారు. రెండో చుట్టుకు పొగ కమ్మేసింది. మూడో చుట్టులో కింద ఏదో ఫెళ్ళున విరిగింది, ఇంజను అరుస్తోంది గానీ చక్రాలు కదల్లేదు. అదీ ఆటలో భాగమే అనుకుని జనం ఇంకా గట్టిగా కేరింతలు కొట్టారు. లోపల భెకి స్టీరింగ్ మీద తలవాల్చి కూర్చుండిపోయాడు. సమాధి పని ముగిశాక నల్లకోట్ల మగవాళ్ళంతా పాడుకుంటూ కారును ఇంటిదాకా తోసుకొచ్చారు.

ఆదివారం పొద్దున భెకి కారు కిందికి దూరి, ఆ పెట్టె మూత విప్పాడు. నల్లటి నూనెతో పాటు పిడికెడంత ముద్ద అరచేతిలో పడింది. నలిపి చూశాడు. రంపపు పొట్టు.

జూన్ నెల ఆ రోజు గుర్తొచ్చింది. ఆకలేస్తోంది, తినడానికేమన్నా తెమ్మని సెలో తనను పంపాడు. తిరిగొచ్చేసరికి పనైపోయిందన్నాడు. అంత బరువు పెట్టెను ఒక్కడివే ఎలా దించావురా, నీకింకా పెళ్ళికొడుకు వయసే అని తను ఎగతాళి చేశాడు. సెలో నవ్వి ఊరుకున్నాడు. తెచ్చిన తిండి ముట్టలేదు. చేతులు వణుకుతుంటే చలికనుకున్నాడు తను. పెట్టె దించే సత్తువ లేదన్న మాట నోట రాక, పొట్టు పోస్తూ ఎంత నలిగిపోయాడో! మూలుగు ఆగిందా లేదా అని కారుకేసే చెవి పెట్టిన తన మీద భెకికి అసహ్యం వేసింది. "నాతో చెప్తే ఏం పోయిందిరా?" అన్నాడు కారు కింద నుంచే.

బయట చెప్పుల చప్పుడు. సెలో భార్య పులెంగ్ చావుభోజనంలో మిగిలిన మాంసం గిన్నెలో తెచ్చింది. ఆమె వెనకే స్కుంబుజో, మరో నలుగురు వచ్చారు. స్కుంబుజో వంగి, నూనె పళ్ళెంలోకి చూశాడు. వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"పొట్టే! ఎవరు పోశారన్నా ఇది?"

పులెంగ్ గిన్నె పట్టుకుని భెకినే చూస్తోంది.

"నేనే పోశా," అన్నాడు భెకి, కారు కింద నుంచి లేస్తూ.

స్కుంబుజో పగలబడి నవ్వాడు. పదేళ్ళ బాకీ ఒక్క నవ్వులో తీర్చుకుని, ఈ మాట నలుగురికీ చెప్పడానికి అప్పుడే బయల్దేరాడు. మిగతావాళ్ళు భెకి కళ్ళలోకి చూడలేక తలొంచుకుని వెళ్ళిపోయారు.

"మా ఆయనుంటే నీకీ గతి పట్టేది కాదన్నా," అంది పులెంగ్ కళ్ళు తుడుచుకుంటూ. "ఇలాంటి పని కానిచ్చేవాడా?"

"అవునమ్మా. వాడి చేతి పనే వేరు," అన్నాడు భెకి.

గుమ్మంలో నిలబడ్డ నొజిఫోకు అంతా అర్థమైంది. రేపు టాక్సీ వరసకు వేసుకునే మందపాటి కోటు బీరువాలోంచి తీసి ఎండలో ఆరేసింది.