విత్తనపు వడ్లు దంచిన రాహేలమ్మ

గ్రీష్మతాపమునకు నెర్రెలువారిన మాగాణి నేలలు నోళ్లు తెరచి కాలువనీటికై యెదురుచూచుచుండ తాటితోపులలో ముంజల కాలము తీరి కాయలు ముదురుచుండ పడమటి దిక్కున నొకటి రెండు కరిమబ్బులు తలచూపి రైతుల యాశలను రేపి యంతలోనే యెటకో జారుకొనుచుండ రోహిణీకార్తె తుదిదినములు భారముగా గడచుచుండెను. ఆ దినములలో కొత్తకాలువపాలెమున ప్రతి యింటివారికిని చూపు విత్తనపు కుండమీదనే యుండును. బూడిదయు వేపాకును కలిపి పేడతో మూత మెత్తి యారునెలలు దాచిన వడ్లవి. ఇంట నెంత యాకలి యున్నను వానిని తాకరాదని యా పాలెమున పసిబిడ్డలకు సైతము తెలియును.

ఆ పాలెమునందలి క్రైస్తవసంఘమునకు నల్లపు పరంజ్యోతిగారు పదునెనిమిది యేండ్లనుండి కాపరి. మృదుభాషియు మితభోజియు నగు నా గురువర్యునకు లోకమును చూచి లోలోన నవ్వుకొను గుణమొకటి కలదు. ఎవరి గొంతు గుడికప్పును లేపునో వారికే పాట రాదనియు ప్రభుభోజనమునకు ముందుదినము కంచెయొద్ద కన్నీళ్లతో సమాధానపడిన యిరుగుపొరుగు స్త్రీలు మంగళవారమునాటికి తగవును విడిచిన మాటయొద్దనుండియే మరల నందుకొందురనియు నాయన కనిపెట్టియుండెను. ఇట్టివి భార్యయగు సుగుణమణమ్మగారితో చెప్పి నవ్వుటయే గాని యెవరి మనస్సును నొప్పించి యెరుగడు.

పిడికెడు బియ్యమను నాచార మా సంఘమున తొలినాటినుండియు కలదు. ప్రతిదినము నెసరు పెట్టుటకు ముందు ఇల్లాలు దేవుని పేరట నొక పిడికెడు బియ్యమును వేరుగా తీసియుంచి యాదివారమున మూటగట్టి గుడికి తెచ్చును. ఆ మూటలే గురువుగారి జీవనము. అందుచేత నాయన విస్తరిలోని యన్నమున కొన్ని మెతుకులు చిమిడియు కొన్ని పలుకులుగను కొన్ని యెర్రగను నుండెడివి. ఒకనాడాయన చేతిలో మూటను తూచి చూచి దావీదు ఇంటికి క్రొత్తకోడలు వచ్చినట్లున్నది పిడికిలి చిన్నదైనదని పలుకగా సుగుణమణమ్మగారు కోడలి పిడికిలి చిన్నది కాదనియు నత్తగారు ప్రక్కన నిలుచుండుట మానినదనియు సవరించిరి.

జ్యేష్ఠమాసపు మొదటి యాదివారమున పరంజ్యోతిగారు కరవుకాలమున తన కడపటి పిండితో దైవజనునకు ముందుగా రొట్టె కాల్చిపెట్టిన విధవరాలిని గూర్చి ప్రసంగించిరి. ఆమె కుండ యటుపిమ్మట తరుగకుండుటను కన్నులకు గట్టినట్లు వర్ణించిరి. సంఘమంతయు కన్నులొత్తుకొనెను. సంఘపెద్దయు నెనిమిదెకరముల యాసామియు నగు బర్నబాసుగారు గుమ్మమునొద్ద ఆయన చేయిపట్టుకొని, "ప్రసంగమంటే ఇదండీ అయ్యగారూ. కళ్లమ్మట నీళ్లాగలా," అనెను. పరంజ్యోతిగారికి నాడు భోజనము మిక్కిలి రుచించెను.

మరుసటి యాదివారము మధ్యాహ్నమున సుగుణమణమ్మగారు మూటలు విప్పి చేటలో పోసి రాళ్లేరుచుండి యొకచోట చేయి నిలిపిరి. "ఏవండీ, ఈ బియ్యం వేపాకు వాసనొస్తోంది చూడండి," అని చేటను ముందుకు జరిపిరి. ఆయన రైతుబిడ్డ. పచ్చిగా దంచిన యా గింజలమధ్య బూడిద యంటిన వడ్లు నాలుగును వేపాకు తునకయు కనబడినంతనే యవి విత్తనములని గుర్తించెను. మూటగుడ్డ రాహేలమ్మది.

రాహేలమ్మ భర్త పోయి తొమ్మిదేండ్లాయెను. బిడ్డలు లేరు. కాలువ చివర నరయెకరపు చెక్కయే యామె యాధారము. అది పండిన నాలుగుమాసములు తినును. తక్కిన కాలము కూలి. వేసవిలో కూలియు లేదు. విత్తనములు తినివేసినచో ఆ చెక్క బీడుపడును. బీడుపడిన చెక్కను కౌలునకు తీసికొని చివరకు సొంతము చేసికొనుటకు పాలెమున నోర్పుగలవారు కొందరు కలరు. పరంజ్యోతిగారు నాడు విస్తరిని ముట్టలేదు.

సోమవారము ప్రొద్దుననే యాయన యామె గుడిసెకు పోవునప్పటికి లోపల రోకటిచప్పుడు వినబడుచుండెను. మూత పగిలిన కుండ సగము వెలితియై ప్రక్కననే యుండెను. ఆమె కొంగు సవరించుకొని లేచి పీట వేసెను. ఆయన కూర్చుండలేదు.

"రాహేలమ్మా, ఇవి విత్తనాలు గదా."

"అవునండి."

"మరి మడిలో ఏం చల్లుతావు?"

"మీరేగా చెప్పింది. ఇంటో బియ్యం గింజ లేదు. రెండు వారాలు ఉత్త చేతుల్తో లోపలికి రాలేక కిటికీ కాడ నిలబడి విన్నా. రొట్టె కాల్చిపెట్టిన ఆ మారాజు తల్లి చేసినట్టే నేనూ చేశా. ముందు దేవుడికి తీశా, తరవాతే నేను తింటన్నా."

దేవుడు విత్తనము నడుగడని యాయన బోధింపబోయెను.

"ఆ తల్లిని అడిగాడుగా," అని రాహేలమ్మ శాంతముగా ననెను. పిమ్మట రోకలిని గోడకు చేర్చి, "ఆ మాట అబద్ధమా అయ్యగారూ? అబద్ధమైతే చెప్పండి, మానేస్తా," అని యడిగెను.

ఆ ప్రశ్నలో నిష్ఠురము లేదు. దారి తెలియనివాడు దారి యడిగినట్లే యడిగెను. నూటయిరువదిమంది వినిన ప్రసంగమును నూటపందొమ్మిదిమంది మెచ్చుకొనిరి. ఒక్కతె నమ్మెను. మెచ్చుకొనినవారివలన గురువునకు హాని యెన్నడును కలుగలేదు. నమ్మినదానికి మాత్ర మాయన బదులు చెప్పవలసియుండెను. అబద్ధమనిన పదునెనిమిదేండ్ల బోధ బూడిద. నిజమనిన నా చెక్క బీడు.

"అబద్ధం కాదు," అని తుదకాయన పలికెను. "అయితే మిగిలినవి దంచకు. నాకు మూడు రోజులు గడువియ్యి."

"దేవుడి పని మీరు నెత్తికెత్తుకుంటే మెడ విరుగుద్దండోయ్," అని యామె నవ్వి సగము కుండకు గుడ్డ చుట్టెను.

పరంజ్యోతిగారు తిన్నగా బర్నబాసుగారి యింటికి పోయి పేరు చెప్పకయే రెండు కుంచముల విత్తనములు యాచించిరి. బర్నబాసు ముఖము చిన్నవోయెను. బియ్యమైనచో బస్తా యిత్తుననియు విత్తనములుమాత్ర మడుగవలదనియు నాయన బ్రతిమాలుకొనెను. తాము చల్లుకొనకమున్ను విత్తనము గడప దాటినచో నా యేడు పంటయు దానివెంట దాటిపోవునని యా ప్రాంతపు నమ్మకము. బాప్తిస్మపు నీటిలో విగ్రహములన్నియు కొట్టుకొనిపోయినను ఇది యొక్కటి గట్టునబడి నిలిచెను. మరియొకనాడైనచో నీ వింతను పరంజ్యోతిగారు భార్యకు చెప్పి సాయంకాలమువరకు నవ్వియుందురు. నేడు నవ్వు రాలేదు.

"నేనూ మీలాంటివాణ్ణే బర్నబాసుగారూ. ఆ ప్రసంగం చెప్పి ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాను. మనిద్దరం మెచ్చుకున్నాం. అది విని ఒక మనిషి విత్తనాలు దంచింది."

బర్నబాసుగారు తాటాకు విసనకర్రను ప్రక్కన పెట్టిరి. పిమ్మట లేచి లోనికిపోయి గుప్పెడు వడ్లతో వెలికివచ్చి తలపాగ చుట్టుకొని మండుటెండలో పొలము దారిపట్టిరి. గురువుగారును వెనుకనే నడచిరి. నీరెరుగని యెండు మడిలో నిలిచి యా వృద్ధుడు వడ్లను నాలుగుదిక్కుల విసరి చల్లెను. ఆ విత్తు మొలచునది కాదని యిరువురకును తెలియును. అవి నేల తాకినంతనే పిచ్చుకలు వ్రాలెను.

"చల్లడం అయిపోయింది. ఇంక గడప దాటొచ్చు," అని యాయన గురువు ముఖము చూడకయే పలికెను.

ఇది విశ్వాసమో విశ్వాసమునకు చెప్పిన సాకో మనవంటి సంసారులు తేల్చగలవారు కారు. పరంజ్యోతిగారును తేల్చబూనలేదు. కుంచము కొలుచునప్పుడు బర్నబాసుగారు అంచుపై పోగైన గింజల కోరును చేతితో సరిచేయక శిఖవలె నిలువనిచ్చుటను మాత్రము చూచిరి.

సాయంకాలమున గంప తన గుమ్మమున దిగగా రాహేలమ్మ గుప్పెడు వడ్లు తీసి వెలుతురునకు పట్టి చూచెను. గింజను చూచి యిల్లు చెప్పగల పాలెమది.

"అక్కుళ్ల రకం వడ్లు. ఇయ్యి బర్నబాసు పెద్ద ఇంటియ్యి," అని యామె గురువుగారివైపు తిరిగెను. "చల్లకముందే ఆ ముసలాయన గింజ గడప దాటనిచ్చాడా?"

"ఇచ్చాడు."

ఆమె గంపముందు చతికిలబడెను. కన్నుల నీరు నిండెను. కుండలోని పిండి తరుగకుండుటకంటెను ఇదియే యద్భుతమని యామెకు తోచెను గాబోలు. "అయితే అబద్ధం కాదయ్యగారూ," అని మెల్లగా ననెను.

మృగశిర ప్రవేశించిన నాలవదినమున కాలువకు నీరు వచ్చెను. పదిదినములలో ఆ యరయెకరపు చెక్క మూలనున్న నారుమడి పచ్చబారెను. పరంజ్యోతిగారు మునుపటివలెనే ప్రతి యాదివారమును ప్రసంగించుచుండిరి. అయితే నాటినుండి యాయన మాట నెమ్మదించెను. మెచ్చుకొనుచు తలలూపువారిమీద చూపు నిలుపక చాపమీద మోకాళ్లు ముడుచుకొని ప్రతి పలుకును దోసిట పట్టుకొను నా యొక్కతెను చూచి యప్పుడే మోసులెత్తిన మడిలో నడుగిడువాడు కాలు మోపు చోటు వెదకికొనునట్లు ఒక్కొక్క మాటను వెదకి వెదకి పలుకుచుండెను.