ముప్ఫై ఒకటో నంబరు గుల్ల

నన్ను చేసిన చెయ్యి అంటూ ఏదీ లేదు. నేను ఒక గుల్లను. ఒక సముద్రపు నత్త తన ఒంట్లోంచి సున్నం ఊరించి, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వీపు మీద కట్టుకున్న ఇల్లును. చదువుకున్నవాళ్లు ఆ నత్తను అబలోన్ అంటారు. భీమిలి దాటాక రాళ్ల తీరం వెంట ఉన్న మా జాలరి ఊళ్లో మాత్రం మమ్మల్ని చెవిగుల్లలు అనేవారు. బోర్లా పడేస్తే అచ్చం మనిషి చెవిలాగే ఉంటాను. పైన గరుకుగా మట్టిరంగులో ఉంటాను, లోపల ఆకుపచ్చా గులాబీ కలిసి మెరుస్తాను. మనుషులు మెచ్చుకునేది ఆ లోపలి మెరుపునే. అది కనపడాలంటే ముందు లోపలి ప్రాణిని తీసేయాలి. మెచ్చుకునేటప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

నా అంచున వరసగా సన్నటి రంధ్రాలున్నాయి. నా నత్త వాడిన నీటిని వాటిగుండానే బయటికి వదిలేది. తను పెరిగేకొద్దీ ముందు వైపు కొత్త రంధ్రం ఒకటి తెరిచి, వెనక పాతది ఒకటి పూడ్చేసేది. పగలంతా రాతి పగుల్లో నక్కి, చీకటి పడ్డాక కదిలి నాచు మేసేది. దాని బలమంతా పాదంలో ఉండేది. అలికిడి తగిలిందంటే రాతిని ఎంత గట్టిగా పట్టుకునేదంటే, నేను పగలాలే గాని తను ఊడదు. ఇక బలహీనత రక్తంలో ఉంది. ఆ రక్తం గడ్డకట్టదు. చిన్న గాటు పడినా కారి కారి చచ్చిపోవలసిందే.

ఈ రెండు సంగతులూ సూరాడ పరశయ్యకు బాగా తెలుసు. ఆ తీరంలో ఊపిరి బిగబట్టి మునిగి గుల్లలు తీసేవాళ్లలో అతన్ని మించినవాడు లేడు. రాయి కట్టుకుని మునిగేవాడు. నీడ కూడా పడనివ్వకుండా పక్కనుంచి వచ్చి, పలచటి ఇనప రేకును పాదం కిందికి ఒక్క విసురులో దూర్చేవాడు. నత్త బెదిరి పట్టు బిగించే లోపే అది అతని సంచిలో ఉండేది. గాటు పడనిచ్చేవాడు కాదు. ఎక్కడినుంచో వ్యానులో వచ్చే వ్యాపారి ఆ మాంసాన్ని ఐసుపెట్టెల్లో సర్దుకుని పోయేవాడు. మా ఊళ్లో ఎవరూ దాన్ని తినగా నేను చూడలేదు.

పదిహేనేళ్లు అలా గడిచేసరికి రాళ్లు బోసిపోయాయి. మా జాతికి ఒక ఇబ్బంది ఉంది. ఆడదీ మగదీ గుడ్లనూ బీజాన్నీ నీళ్లలోకి వదిలేస్తాయి, అవి నీళ్లలోనే కలవాలి. పక్కపక్కన ఉంటేనే అది జరుగుతుంది. ఈ రాతి మీద ఒకటి, అల్లంత దూరంలో మరొకటి మిగిలితే, రెండూ బతికి ఉండీ పిల్లలు పుట్టవు. నా నత్త అలా ఒంటరిగా రెండేళ్లు గుడ్లు వదిలింది. అన్నీ వృథాగా పోయాయి.

గుల్లలు ఏరిన పాపం పరశయ్య చెవుల్లోనూ మిగిలింది. లోతుకు పోయినప్పుడల్లా నీటి బరువు చెవుల్ని నొక్కేది. మొదట పోటు, తర్వాత చీము. చివరికి కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవిలో ఏ మూలో కాస్త మిగిలింది. ఇక మునిగితే అదీ పోతుందని డాక్టరు చెప్పాడు. ఈ సంగతి అతని భార్య గున్నమ్మకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు.

అలాంటి రోజుల్లో మత్స్యశాఖ పథకం ఒకటి పట్టుకుని హైమవతి మేడం వచ్చింది. సముద్రం ఒడ్డున రేకుల షెడ్డు వేయించి, సిమెంటు తొట్లు కట్టించి, చెవిగుల్లల్ని పెంచే పని మొదలుపెట్టింది. పిల్లల్ని తీసి, బొటనవేలి గోరంత అయ్యాక మళ్లీ రాళ్ల మీద వదలాలని ఆమె ఆశ. తల్లి గుల్లలు కావాలి. ఎవరు తెస్తారని అడిగితే అందరూ పరశయ్య ఇంటినే చూపించారు.

అతను నా నత్తను తెచ్చింది అప్పుడే. ఆ ఒక్క పనికీ డాక్టరు మాట పక్కన పెట్టాడు. పదిరోజులు వెతికి నలభై తెచ్చాడు. మేడం నా వీపు మీద జిగురుతో చిన్న బిళ్ల అతికించింది. దాని మీద 31 అని ఉంది.

షెడ్డు కాపలాకూ మేతకూ కూడా పరశయ్యనే ఉండమంది మేడం. ఉద్యోగం మాట్లాడిన రోజు గున్నమ్మ అతని వెనకే నిలబడింది. మేడం అడిగినదాన్ని గున్నమ్మ అతని ఎడమచెవి దగ్గర గట్టిగా మళ్లీ అడిగేది.

"రోజూ నాచు తేగలవా అంటన్నారు, ఏటయ్యా?"

"తెస్తాను మేడంగోరూ."

"పిల్లలు పుట్టినాక ఏమరకుండా సూడగలవా అంటన్నారు."

"నా పిల్లల్లాగే సూస్తాను."

"మీ ఆవిడ చాలా హుషారు పరశయ్యా," అని మేడం నవ్వింది. పరశయ్య ఆమె పెదాల వంక చూసి తనూ నవ్వాడు.

ఆ తర్వాతి మూడేళ్లూ నేను చూసిన మంచికాలం. గున్నమ్మ రోజూ అన్నం తెచ్చే నెపంతో వచ్చి, సాయంత్రం దాకా షెడ్డులోనే ఉండిపోయేది. ఎవరు పిలిచినా, గాలి మోటారు చప్పుడు మారినా, ఆమె వెళ్లి అతని భుజం తట్టేది. తొట్లలో నీటికి గాలి కొట్టే మోటారు అది. కరెంటు పోతే దాని పక్కన ఉన్న జనరేటర్‌ను చేత్తో తిప్పి నడపాలి.

మేడం పెట్టే మేతకు నా అంచు ఆకుపచ్చగా పెరిగింది. సముద్రంలో ఉండగా కట్టిన భాగం మట్టిరంగు, షెడ్డులో కట్టిన భాగం పచ్చరంగు. మొదటి రెండేళ్లూ పిల్లలు పుట్టినట్టే పుట్టి చచ్చిపోయాయి. మూడో ఏడు మాత్రం నిలిచాయి. పలకల మీది పాచిని నాకుతూ నువ్వుగింజల్లాంటి పిల్లలు పెరిగాయి. అక్కణ్ణించి గోరంత అయ్యాయి. లెక్కపెడితే పదకొండు వేలు. మేడం ఆ రోజు తొట్టి అంచున కూర్చుని ఏడ్చింది. పరశయ్య కంగారుపడి గున్నమ్మ వైపు చూశాడు.

"సంతోసంతో ఏడుస్తన్నారయ్యా!" అంది గున్నమ్మ.

వర్షాలు పడగానే పిల్లల్ని రాళ్ల మీద వదలాలనుకున్నారు. మే నెల ఆఖరి ఆదివారం వచ్చింది. మేడం ఊళ్లో లేదు, మిగతా పనివాళ్లకు సెలవు. పరశయ్య కూతురికి నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే గున్నమ్మ పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ, "గడికోసారి లోనకెల్లి మోటారు మీద సెయ్యేసి సూడు, మరిసిపోకు," అని మొహం ఎదురుగా నిలబడి చెప్పింది. అతను తల ఊపాడు.

పదకొండింటికి ఒకసారి వెళ్లి మోటారు మీద చెయ్యి వేశాడు. అదురుతోంది. బయటికొచ్చి షెడ్డు వెనక నీడలో కూర్చుని పొద్దున తెచ్చిన నాచు కడగసాగాడు. నాచు చాలా ఉంది. మనసు కూతురి మీద ఉంది. అతను బయటికొచ్చిన కాసేపటికే కరెంటు పోయింది. మోటారు ఆగింది.

తొట్లో బుడగలు ఆగిపోయాయి. రేకుల కింద నీళ్లు వేడెక్కాయి. పెద్దవీ చిన్నవీ ఊపిరాడక గోడల మీదికి పాకడం మొదలుపెట్టాయి. నా నత్త నన్ను మోసుకుంటూ నీటి అంచు దాటి పైకి ఎక్కింది. పిల్లలు గోడ మీద నల్లటి మచ్చల్లా కమ్ముకున్నాయి. కొన్ని అంచు దాటి కింద సిమెంటు మీద పడ్డాయి. కొన్ని నీళ్లలోకే పడిపోయాయి. షెడ్డు వెనక గోడకు అవతల, పది అడుగుల దూరంలో, పరశయ్య నాచు కడుగుతూనే ఉన్నాడు. రెండు గంటలు పట్టింది. నా నత్త పట్టు వదిలిన క్షణం నాకు తెలిసింది. అంత గట్టి పాదం మెత్తబడి, దానంతటదే జారిపోయింది.

మేత వేయడానికి లోపలికొచ్చిన పరశయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. తర్వాత పరుగెత్తి జనరేటర్ తిప్పాడు. నేల మీద మోకాళ్ల మీద పాకుతూ, తడి వేళ్లతో ఒక్కొక్క పిల్లనూ ఏరి నీళ్లలో వేశాడు. నీళ్లలో వేసినవి వేసినట్టే మునిగాయి.

మేడం సాయంత్రానికి వచ్చింది. కరెంటు రెండు గంటలు పోయిందని, జనరేటర్ మొరాయించిందని అతను చెప్పి ఉంటే సరిపోయేది. ఎవరూ అడిగేవారు కాదు. అతను ఆమె ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నాకు ఇనపడదు మేడంగోరూ. పనికి సేరకముందే సెవులు పోయాయి. దాసిపెట్టాను. మోటారు ఆగినట్టు నాకు తెలీలేదు."

మేడం అతని మొహం చూడలేదు. తొట్టిలోకే చూస్తూ, "వెళ్లు పరశయ్యా, ఇంటికి వెళ్లు," అంది. ఆమె పెదాలు కనపడక అతనికి ఆ మాట అర్థం కాలేదు. చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాడు.

తర్వాత శాఖ నుంచి ముగ్గురు పెద్దమనుషులు విచారణకు వచ్చారు. షెడ్డంతా తిరిగి, కొబ్బరినీళ్లు తాగి, పనివాడు చెవుడు దాచి ఉద్యోగంలో చేరినందువల్ల నష్టం జరిగిందని రాశారు. మేడం కింద సంతకం పెట్టింది. పథకం మూతపడింది.

పిల్లల్లో నలభై మూడు బతికాయి. నీళ్లొచ్చే గొట్టం మూతికి అంటుకుని ఉన్నవి. మేడం వాటిని బకెట్లో వేసి పరశయ్యకు పంపించింది. అతను మర్నాడు పొద్దున్నే తెప్ప వేసుకుని రాళ్ల దగ్గరికి వెళ్లాడు. గున్నమ్మ ఒడ్డునుంచి అరుస్తూనే ఉంది. అప్పటికి అతనికి ఆ గొంతు ఏదో చిన్న రొదలాగా వినపడేదట. అతను పన్నెండుసార్లు మునిగాడు. నలభై మూడింటినీ ఒకే పగుల్లో, ఒకదాని పక్కన ఒకటి, అంటుకునేదాకా చెయ్యి అడ్డుపెట్టి నిలబెట్టాడు. పైకొచ్చేసరికి ఎడమచెవిలోంచి రక్తం మెడ మీదికి కారుతోంది.

"నా గొంతు కూడా ఇనపడకుండా సేసుకున్నావా," అని గున్నమ్మ అతని గుండెల మీద కొట్టి ఏడ్చింది. ఆ మాటా అతనికి వినపడలేదు. వారం తర్వాత కూతురు పసిపిల్లను తీసుకొచ్చి ఒళ్లో పెట్టింది. పిల్ల మొహం ఎర్రగా చేసుకుని నోరు తెరిచి ఏడుస్తుంటే, పరశయ్య దాని గొంతు మీద రెండు వేళ్లు ఆనించి ఏడుపును తడుముకున్నాడు.

చచ్చినవాటిని గోతిలో పూడ్చినప్పుడు అతను నన్నొక్కదాన్నే తీసి జేబులో వేసుకున్నాడు. అప్పటినుంచీ వాళ్లింటి గూట్లో, దేవుడి పటాల పక్కన ఉన్నాను. బిళ్ల ఊడిపోలేదు. మనవరాలు ఆడుకోవడానికి అడిగినా ఇచ్చేవాడు కాదు. అప్పుడప్పుడు నన్ను తీసి పచ్చరంగు మొదలైన చోట బొటనవేలితో రుద్దుతూ కూర్చునేవాడు. రాళ్ల మీద ఉంచినవి బతికాయో లేదో చూడటానికి మళ్లీ వెళ్లలేదు. వేరేవాళ్లను పంపమంటే, "ఒగ్గేయండి, వాటిని ఎవరూ సూడకుండా ఉండటమే మేలు," అనేవాడు.

పదకొండేళ్లకు హైమవతి మేడం మళ్లీ వచ్చింది. ఉద్యోగం అయిపోయింది, జుట్టు తెల్లబడింది. పరశయ్య ఇంటి ముందు సముద్రం వైపు తిరిగి వల అల్లుతున్నాడు. ఆమె అతని వెనక వచ్చి నిలబడి, ఎంతోకాలం కూడబెట్టుకున్న మాటలు గబగబా అనేసింది.

"నీకు వినపడదని నాకు మొదటి నెలలోనే తెలుసు పరశయ్యా. నీ వెనక ఇత్తడి పళ్లెం పడితే నువ్వు కదల్లేదు. కరెంటు పోతే వెలిగేలా వెనక గోడకి ఎర్ర దీపం పెట్టించాలనుకున్నాను. ఇవాళా రేపూ అంటూ పెట్టించలేదు. విచారణలో అడిగినప్పుడు నాకేం తెలియదన్నాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను."

వల అల్లే చేతులు ఆగలేదు. గుమ్మంలో నిలబడ్డ గున్నమ్మ మొత్తం విన్నది.

"ఆ మాట మొహం ఎదట సెప్పండమ్మా," అంది. "ఎనకనించి సెప్తే ఆ మనిసికి సచ్చేదాకా ఇనపడదు."

మేడం చుట్టూ తిరిగి వచ్చి, ఇసకలో అతని ఎదురుగా కూర్చుంది. ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి మొదటినుంచీ చెప్పింది. అతను ఆమె పెదాల మీదనుంచి చూపు తిప్పలేదు.

"తెలిసే ఉంచుకున్నారా?" అన్నాడు చివరికి.

"నీ చెయ్యి తగిలితే అవి బెదిరేవి కావు. అందుకని."

పరశయ్య వల పక్కన పెట్టి లోపలికి వచ్చాడు. గూట్లోంచి నన్ను తీసి, పంచె చెంగుతో తుడిచి, తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇన్నేళ్లూ నానొక్కణ్నే మోసాను మేడంగోరూ. ఇంక మీరు కొన్నాళ్లు మొయ్యండి."

అతని గొంతులో కోపం వినపడలేదు. వినికిడి పోయాక అతనికి గొంతు పెంచడమూ తగ్గించడమూ చేతకాలేదు, కాబట్టి లోపల ఉందో లేదో నాకు సరిగ్గా తెలియదు. గున్నమ్మ మాత్రం, "టీ పెడతన్నాను, తాగి ఎల్లండి," అని లోపలికి వెళ్లింది.

ఇప్పుడు నేను విశాఖపట్నంలో నాలుగో అంతస్తులో, మేడం పుస్తకాల బల్ల మీద ఉన్నాను. వచ్చినవాళ్లు నన్ను వెల్లకిలా తిప్పి, ఎంత బాగుందో అంటారు. ఎక్కడ కొన్నారని అడుగుతారు. మొదట్లో మేడం, "ఒకాయన ఇచ్చారు," అని ఊరుకునేది. ఈ మధ్య, "కూర్చోండి, చెబుతాను," అంటోంది. ఎర్ర దీపం దగ్గరికి వచ్చాక, దాన్ని పెట్టించనిది తనేనని చెబుతుంది. వింటున్నవాళ్లు మొహమాటపడి వేరే మాట ఎత్తబోతారు. ఆమె చెయ్యెత్తి వాళ్లను ఆపి, మిగతాది కూడా చెబుతుంది.