ఖాళీ మెషీన్

"అత్తయ్యా, ఈ ముక్క వినండి. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ ఆపేయండి" అనేది నా కోడలు. నేను బఠానీలు ఒలుస్తూ ఉండేదాన్ని. తను భోజనాల బల్లకి ఆ చివర కంప్యూటర్ పెట్టుకుని కూర్చునేది. పొద్దున్నే పిల్లని బడికీ, మావాణ్ణి ఆఫీసుకీ పంపించి, గిన్నెలు కడిగి బోర్లించాక, మళ్ళీ పిల్ల వచ్చేదాకా ఉండే ఆ కాస్త వేళ మా ఇద్దరిదీ. నాది చిన్నబడి చదువు. అక్షరాలు కూడబలుక్కుంటాను, అంతే. అలాంటి నన్ను పట్టుకుని "అర్థమైందా?" అని నా జవాబు కోసం ఆగిన మనిషి నా జన్మలో తనొక్కతే. అంతకుముందు కూడా చాలామంది అడిగారనుకోండి. కానీ అది వేరే గొంతు. ఆ గొంతుకి జవాబు అక్కర్లేదు.

తనూ మావాడూ ఒకప్పుడు ఒకే ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాళ్ళు. పిల్ల పుట్టాక ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలన్నారు. ఆ ఎవరో ఒకరు ఎవరని ఎవరూ అడగలేదు. అడగవలసిన పని కూడా లేదన్నట్టు కోడలు తన ఆఫీసు సంచీ తెచ్చి గూట్లో పెట్టేసింది. కానీ చేతులు ఊరుకుంటాయా? ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్‌లో ఒక పనిముట్టు తయారుచేసింది.

అదేమిటో నాకు అర్థమైనంత మేరకు చెప్తాను. ప్రోగ్రాములు రాసేవాళ్ళు మెషీన్ చేయవలసిన పని మాత్రం రాసి వదిలేస్తారట. ఎందుకలా రాశారో, ఏం ఆలోచించి రాశారో చెప్పరు. వాళ్ళు మానేసి పోతే తరవాత వచ్చినవాళ్ళు తల పట్టుకుంటారు. నా కోడలి పనిముట్టుతో మనిషికి చెప్పే మాటలూ, మెషీన్‌కి చెప్పే పనీ ఒకేచోట, కథ చెప్పినట్టు కలిపి రాసుకుంటూ పోవచ్చు. తరవాత ఒక మీట నొక్కితే మెషీన్‌కి కావలసింది విడిగా వస్తుంది. ఇంకో మీట నొక్కితే మనిషి చదువుకునే పుస్తకం వస్తుంది.

"అయితే ఒక్క కాన్పులో కవలలన్నమాట" అన్నాను.

కోడలు కడుపు పట్టుకుని నవ్వింది. "ఇంతకాలం ఆఫీసులో ఎవ్వరికీ ఇంత తేలిగ్గా చెప్పలేకపోయాను అత్తయ్యా" అంది. ఆ పనిముట్టుని కూడా ఆ పద్ధతిలోనే రాసింది. అందుకే నాకు ముక్క ముక్కా చదివి వినిపించేది. నేను "ఆగు, ఇక్కడ తప్పిపోయాను" అంటే విసుక్కోకుండా ఆ ముక్క మళ్ళీ రాసేది.

ఒకరోజు మావాడు భోజనం దగ్గర, "నీ పనిముట్టు మా ఆఫీసులో తీసుకుంటామంటున్నారు. ప్యాకేజీ చేసి ఇవ్వు" అన్నాడు. ప్యాకేజీ అంటే అట్టపెట్టెలో పెట్టి తాడు కట్టడమనుకున్నాను. కాదట. ఎవరైనా సరే తమ మెషీన్‌లోకి ఒక్క మాటతో దించుకుని వాడుకునేలా, దానికి కావలసినవన్నీ దానితోపాటే వచ్చేలా సర్దడమట.

"నీ దాంట్లో బాగానే నడుస్తోందిగా, ఇంకేం సర్దాలి?" అన్నాను.

"అదే చిక్కు అత్తయ్యా. నా మెషీన్‌లో అన్నీ ముందే ఉన్నాయి. ఏది లేకపోతే ఆగిపోతుందో నాకు కనపడదు. ఏమీ లేని మెషీన్ కావాలి."

నా గదిలో పిల్ల బొమ్మలు చూసుకునే పాత కంప్యూటర్ ఉండేది. దాన్ని తుడిచి ఖాళీ చేసింది. అందులోకి తన పనిముట్టు దించేది. ఎక్కడో ఆగిపోయేది. ఏం తక్కువైందో కనిపెట్టి చేర్చేది. మళ్ళీ అంతా తుడిచేసి మొదటికొచ్చేది. ఆ ఖాళీ మెషీన్ బిక్కమొహం చూస్తుంటే నాకు నా కాపురం మొదటిరోజు గుర్తొచ్చింది.

మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి "ఇవాళ వంట నీదే" అనేసి వెళ్ళిపోయింది. ఉప్పెక్కడుందో చెప్పలేదు. అడిగితే ఏమనుకుంటారో అని డబ్బాల మూతలన్నీ తీసి చూశాను. ఆ చప్పుడుకి మా ఆయన వచ్చి "ఏమిటా గోల? చెప్పిన పని చెయ్యక" అన్నారు. దొరకలేదు. చప్పగానే వడ్డించాను. మా మామగారు కంచం పక్కకి నెట్టి "వీళ్ళ పుట్టింట్లో ఉప్పు తినరు కాబోలు" అన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, నవ్వకపోతే బాగుండదని. ఉప్పుజాడీ పొయ్యి వెనక గూట్లో ఉంది, చెమ్మ తగలకుండా. వాళ్ళందరికీ అది ఎప్పట్నుంచో తెలుసు. అందుకే నాకు తెలియదన్న సంగతి వాళ్ళకి తట్టనే లేదు.

ఇది చెప్తే కోడలి చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. "ఇది రాసుకోనా?" అంది. రాసి చదివింది: 'కొత్తగా వచ్చినవాళ్ళకి ఉప్పెక్కడుందో చెప్పాలి. ఎందుకక్కడుందో కూడా చెప్పాలి. ఈ మాట మా అత్తయ్య చెప్పారు.'

ఆ ముక్క ఇంకోసారి చదివించుకున్నాను. నా చేతి వంట ఇంటిల్లిపాదీ తిన్నారు. నా మాట ఒకటి దాచుకున్నవాళ్ళు మాత్రం అంతవరకూ లేరు.

అంతా సిద్ధమయ్యాక మావాడు "చివర్లో నేను చూసుకుంటాలే" అని తీసుకెళ్ళాడు. ఆఫీసువాళ్ళు దాన్ని అందరూ దించుకునేలా బయటపెట్టిన రోజు కోడలు ఖాళీ మెషీన్‌ని మళ్ళీ తుడిచి, వాళ్ళ ప్యాకేజీ దించింది. నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంది. పనిముట్టు నడిచింది. "ఇప్పుడు మీ ఉప్పు చూడండి" అని పుస్తకం మీట నొక్కింది. తెర మీద తెల్లకాగితం వచ్చింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ తెల్లకాగితమే. తయారుచేసినవారు అన్నచోట మావాడి పేరుంది.

సాయంత్రం వాడు బూట్లు విప్పుకుంటుంటే అడిగింది. "మాటలేవి?"

"ఏ మాటలు?"

"నేను రాసినవి."

"ఓ, అవా! తీసేశాను. మెషీన్‌కి కావలసిందంతా ఉందిగా, మిగతావి కబుర్లే. ఉప్పేంటి, అత్తగారేంటి? ఆఫీసులో నవ్విపోతారు."

"పేరు?"

"ఇద్దరం ఒకటే కదా. ఎవరి పేరుంటే ఏంటి?"

"ఒకటే అయితే నాది పెట్టాల్సింది."

జోకనుకుని నవ్వాడు. నేను ఉండబట్టలేక, "కవలల్లో ఒకర్ని ఇంట్లోకి తెచ్చుకుని ఇంకొకర్ని గుమ్మం బయట వదిలేశావు కదరా" అన్నాను.

"అమ్మా, నీకు తెలియనివాటిలో దూరకు" అన్నాడు. అచ్చం వాళ్ళ నాన్న గొంతు. నా ఒళ్ళో పెరిగిన గొంతు.

తరవాత కోడలు నాకు ఏదీ చదివి వినిపించలేదు. ఆ వేళకి కిటికీ దగ్గర కూర్చునేది. నేను కాయలు ఒలుస్తూ, తను అడుగుతుందేమోనని చెవి అటే పెట్టి ఉండేదాన్ని. ఆఫీసువాళ్ళకి మాత్రం అనుమానాలు మొదలయ్యాయి. మావాడు రోజూ వచ్చి "ఈ ముక్క ఎందుకిలా రాశావు? కాస్త చెప్పు" అనేవాడు. తను గిన్నెలు కడుగుతూనే చెప్పేది. వాడు రాసుకునేవాడు. మాటలు తీసి పారేసినవాడికి రోజూ మాటలే కావలసి వచ్చాయి. ఒకరోజు చేతులు తుడుచుకుని, "ఇదే ఆఖరు. నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. నా పనిముట్టు మాటలతో సహా కావాలన్నారు" అంది.

వెళ్ళేముందు నా గదిలోకొచ్చింది. తన పనిముట్టుని తన పేరుతో, ఒక్క మాట తీయకుండా ప్యాకేజీ చేసి ఖాళీ మెషీన్‌లో దించింది. ఏ మీట నొక్కాలో నా వేలు పట్టుకుని చూపించింది. "అత్తయ్యా, మీరూ నాతో రండి" అంది.

నా ప్రాణం అప్పటికే బయల్దేరి గుమ్మం దాటింది. కానీ, "నేనొస్తే నువ్వు మళ్ళీ కోడలివైపోతావు తల్లీ. వెళ్ళు" అన్నాను. తల్లి వెంట వెళ్తూ పిల్ల మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. "నాలుగు రోజులు పోతే తనే వస్తుందిలే" అన్నాడు మావాడు, నాతో కాదు, తలుపుతో.

ఆ సాయంత్రం నేను వంటింట్లోకి వెళ్ళలేదు. మెషీన్ ముందు కూర్చుని మీట నొక్కాను. పుస్తకం వచ్చింది. వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఉప్పు దగ్గరికొచ్చాను. తన గొంతు లేకుండా ఆ వాక్యం చదవడం చాలా కష్టమైంది. ఆకలేసి మావాడే పొయ్యి వెలిగించినట్టున్నాడు. కాసేపటికి డబ్బాల మూతల చప్పుడు మొదలైంది. ఒకటి తరవాత ఒకటి.

"అమ్మా, ఉప్పెక్కడుంది?"

"ఇలా వచ్చి కూర్చోరా. ఎందుకక్కడుందో ముందు చెప్తాను."

"కబుర్లొద్దమ్మా. ఎక్కడుందో చెప్పు, చాలు."

నేను మళ్ళీ పుస్తకం వైపు తిరిగాను. ఆ పూట వాడు చప్పగానే తిన్నాడు. నేనూ.