నిదానం మాట

టైర్ల దుకాణం పైనున్న శిక్షణ కేంద్రంలో ట్రైనర్ మేడమ్ పొద్దున్నే వచ్చి కిటికీలు తీసేది, బోర్డు తుడిచేది, నిన్న రాసిందే మళ్ళీ రాసేది: "మీ గురించి రెండు నిమిషాల్లో చెప్పండి." ఉద్యోగాల వేటలో ఉన్న పిల్లలు ఒక్కొక్కరే లేచి చెప్పేవారు. చేతులెక్కడ పెట్టుకోవాలో, చూపు ఎక్కడ నిలపాలో, ఎంతవరకు నవ్వి ఎక్కడ ఆపాలో ఆవిడ నేర్పేది. నవ్వు నేర్పి నేర్పి సాయంత్రానికి దవడలు లాగేసేవి. ఇంట్లో భర్త ఏదైనా అడిగితే చేత్తోనే జవాబిచ్చేది.

"ఉన్న మాటలన్నీ అక్కడే ఖర్చు పెట్టేశావా?" అనేవాడాయన.

ఆవిడ అవునన్నట్టు తలూపేది.

ఆ బ్యాచిలో చివరి బెంచీ అమ్మాయిని అందరూ నిదానం అని పిలిచేవారు. ఆ పిల్ల మాట్లాడితే పెదాలు కదిలేవి గానీ, గొంతు అరగంటకు గానీ వచ్చేది కాదు. అదీ మాట్లాడిన చోటికే వచ్చేది, మనిషి అక్కడ ఉన్నా లేకున్నా. క్లాసులో అడిగినదానికి జవాబు టీ వేళ ఖాళీ బెంచీలోంచి వినిపించేది. అది ఎవరికీ వింతగా తోచలేదు. "మా మేనత్తకూ అంతే, ఆవిడది ఇంకా లేటు," అన్నాడు టైర్ల దుకాణం ఆయన.

చిక్కల్లా ఇంటర్వ్యూలతోనే. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుందని వెళ్ళిన ప్రతిచోటా వెనక్కి పంపేవారు. ఈ బ్యాచి అయ్యేలోగా ఉద్యోగం రాకపోతే పిన్ని ఇంటికి వెళ్ళి ఆవిడ కవల పిల్లల్ని చూసుకుంటూ ఉండిపోవాల్సిందేనని నిదానం నాన్న తేల్చి చెప్పాడు. అక్కడికి పంపితే మళ్ళీ రానిస్తారన్న ఆశ ఆ పిల్లకు లేదు.

మేడమ్ ఒక ఉపాయం ఆలోచించింది. ఓ బీమా ఆఫీసులో ఇంటర్వ్యూ పడితే, వాచ్‌మన్‌ని బతిమాలి, నిదానాన్ని అరగంట ముందే ఆ గదిలో కూర్చోబెట్టి జవాబులన్నీ వరసగా చెప్పించింది. తీరా పెద్దవాళ్ళు ఆలస్యంగా వచ్చారు. "మీ పేరేంటమ్మా?" అని అడిగితే, "అవసరానికి మించి కష్టపడటమే నా బలహీనతండి," అని వచ్చింది. "జీతం ఎంత అనుకుంటున్నారు?" అంటే, "మా నాన్నగారండి," అని వచ్చింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో నిదానం పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వాళ్ళు దిగిపోయాక ఆ సీట్లో ఎవరికో వినిపించి ఉంటుంది. మేడమ్‌కి మాత్రం నవ్వే ఓపిక లేకపోయింది.

ఆఖరి ఇంటర్వ్యూ నీళ్ళ సరఫరా ఆఫీసులో, ఫిర్యాదుల కౌంటరు ఉద్యోగానికి. మేడమ్ తోడుగా వెళ్ళింది గానీ ఈసారి ఏమీ నేర్పలేదు. "నీకు తోచింది చెప్పేసి వచ్చెయ్యమ్మా," అంది.

లోపల అధికారి అడిగింది ఒకటే ప్రశ్న. "మీ తప్పేమీ లేకుండా ఒకాయన వచ్చి మీ మీద అరిచాడు. ఏం చేస్తారు?" నిదానం పెదాలు చాలాసేపు కదిలాయి. ఆయన ఓపిగ్గా చూశాడు, పక్కనున్న గుమాస్తా వైపు చూశాడు, "సరే, వెళ్ళిరండి," అన్నాడు.

బయటికొచ్చిన పిల్ల ముఖం చూసి మేడమ్ ఆమె చేతిలోని ఫైలు తను అందుకుంది. బస్టాపులో నిలబడ్డారు. వచ్చిన బస్సులన్నీ నిండుగా ఉన్నాయి. కాళ్ళు పీకుతుంటే మేడమ్ స్తంభానికి ఆనుకుంది. అప్పుడు ఆవిడ ఫోను మోగింది; దరఖాస్తులో రాసింది ఆవిడ నంబరే.

"మేడమ్, మీ అమ్మాయి ఇప్పుడు మాట్లాడుతోంది," అన్నాడు అధికారి. "భోజనానికి కూర్చున్నాం, మొదలుపెట్టింది. మీరూ వినండి." ఫోను ఆ పిల్ల కూర్చుని లేచిన ఖాళీ కుర్చీ దగ్గర పెట్టినట్టున్నాడు. మేడమ్, నిదానం చెరో చెవి ఆనించారు.

"...అరవనిస్తానండి. నా జవాబు వెంటనే రాదు కాబట్టి నాకు వేరే దారి లేదు. మా నాన్నా అరుస్తాడు. నా మాట వచ్చేసరికి ఆయన అరవడం అయిపోయి, మంచినీళ్ళు తాగి, చతికిలబడి ఉంటాడు. అప్పుడు వింటాడు. నేనేం చెప్పినా అది అరగంట తర్వాత కూడా చెల్లాలి కదండీ, అందుకని కోపంలో ఏదీ అనను. చిన్నప్పుడు అన్నాను, అది వచ్చేసరికి నాకే సిగ్గేసింది. ఇంతవరకూ నాతో ఎవరూ పోట్లాడలేదండి. నేను మంచిదాన్నని కాదు, వాళ్ళకే కుదరలేదు."

అవతల భోజనం డబ్బా మూత పెట్టిన చప్పుడైంది.

"ఈ కౌంటర్లో ఎవరూ నిలవడం లేదు మేడమ్," అన్నాడు అధికారి చివరికి. "వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఎవరితోనో తగువు పడి వెళ్ళిపోతున్నారు. ఇక్కడికొచ్చే జనానికి ఎలాగూ అరగంట కూర్చోక తప్పదు. సోమవారం నుంచి పంపించండి."

మేడమ్ సరేనంది. నిదానం ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. అంతలో ఖాళీ బస్సొకటి వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

కొన్ని నెలలకి మేడమ్ వాళ్ళ వీధిలో నీళ్ళు ఆగిపోయాయి. పొద్దుటి క్లాసు ముగించుకుని ఆవిడ ఆ కౌంటరుకు వెళ్ళింది. జనం వచ్చి అరుస్తున్నారు, అలిసిపోయి బెంచీల మీద కూర్చుంటున్నారు, జవాబు వచ్చాక విని వెళ్ళిపోతున్నారు. మేడమ్‌ని చూసి నిదానం లేచి నిలబడింది. ఆవిడ వీధి పేరు చెప్పింది. నిదానం కంప్యూటర్లో చూసింది, ఫోను కలిపి పక్కనున్న ప్యూను చేత మాట్లాడించింది, తర్వాత మేడమ్ ముఖంలోకి కాసేపు చూసి పెదాలు కదిపింది. చేత్తో బెంచీ చూపించి, భోజనం డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళింది.

మేడమ్ కూర్చుంది. చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుంది. ఇక్కడ ఎవరూ ఆవిణ్ణి ఏమీ అడగడం లేదు, ఎవరికీ ఏదీ నేర్పక్కర్లేదు. ముఖం వదులైంది. తల మెల్లగా గోడకు ఆనింది.

గురక మొదలయ్యేసరికి పక్కనున్న ముసలాయన ఆవిణ్ణి లేపుదామని చెయ్యి చాపాడు. సరిగ్గా అప్పుడే ఖాళీ కౌంటరులోంచి గొంతు వచ్చింది.

"రేపు పొద్దున్నే మా మనిషి వస్తాడు మేడమ్. మీరిప్పుడేం లేవకండి. మూసేవేళకు నేను లేపుతాను."

ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకుని, ఆవిడ చెప్పులు ఎవరి కాలికీ అడ్డం తగలకుండా బెంచీ కిందికి జరిపాడు.