మూడో చరణం

2024 ఫిబ్రవరి 11, ఆదివారం. ఆ మధ్యాహ్నం బీరకాయ పచ్చడితో అన్నం తిన్నాను. మజ్జిగన్నంలోకి రెండు చల్లమిరపకాయలు వేయిస్తే ఒకటి మాడింది. తింటూనే ఎడమ చేతి వేలితో ఫోన్లో ఒక వాక్యం కొట్టి పంపాను: "రేవు పాటకి మూడో చరణం ఉంది." అన్నం పూర్తయ్యేలోగా పదకొండు జవాబులొచ్చాయి. అన్నీ లేదనే.

అది సంగీత దర్శకుడు వఝల కృపానిధి అభిమానుల వాట్సాప్ గ్రూపు. ఆయన చేసినవి పందొమ్మిది సినిమాలు, ఆడినవి నాలుగు. అయినా ఆయన పాటల కోసం పోట్లాడుకునేవాళ్ళు మన ఊళ్ళో అరవై మంది దాకా ఉన్నారు. ప్రతి నెలా మూడో ఆదివారం ద్వారకా నగర్‌లో అనిరుధ్ నడిపే కోచింగ్ సెంటర్లో కలుస్తాం. వారమంతా బ్యాంకు పరీక్షల లెక్కలు చెప్పే ఆ కుర్రాడు ఆ ఒక్క సాయంత్రం బోర్డు తుడిచేసి స్పీకర్లు పెడతాడు. స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్లలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మా ఆవిడ సూర్యకళ పోయాక ఆదివారాలు మరీ పొడుగైపోయి, ఈ గ్రూపులో చేరాను. నా వయసు వాణ్ణి కూడా కుర్చీ జరిపి కూర్చోబెట్టుకున్నారు. అది చిన్న దయేం కాదు.

మా గ్రూపుకి ఒక నియమం ఉంది. ఒక పాట గురించి ఎవరేం చెప్పాలన్నా ముందు ఆ పాటని మొదటి నుంచి చివరిదాకా అందరికీ వినిపించాలి. వినిపించలేని మాట లెక్కలోకి రాదు. ఆ యేడు కృపానిధి గారి పాటల్లో ఇరవై ఐదు ఎంచి చిన్న పుస్తకం వేయాలనుకున్నాం. ప్రతి పాట పక్కన దాన్ని సూచించినవారి పేరు, ఊరు వేస్తారు. మార్చి 17 నాటికి జాబితా ఖాయం కావాలి. రేవు పాట మొదటి వడపోతలోనే పోయింది. అది రెండు చరణాలకే చల్లగా జారుకునే పాట అనీ, మాస్టారు తొందరపడి ముగించేశారనీ అందరి అభిప్రాయం.

అందరిదీ అంటే ఒకప్పుడు నాదీ. ఇంకా చెప్పాలంటే, ఆ మాట మా ఇంట్లో మొదట అన్నది నేనే.

పెళ్ళయిన కొత్తలో గాజువాకలో అద్దెకుండేవాళ్ళం. నాది గోదావరి జిల్లా, సూర్యకళది ఇక్కడి పాత ఊరు, వన్ టౌన్. బియ్యం కడుగుతూ ఆ పాట పాడేది. రెండు చరణాలయ్యాక నేనెప్పుడూ వినని మూడోది అందుకునేది. కృపానిధి గారి పాటలన్నిటిలో అదే గొప్పదనీ, ఆ చరణం వల్లే గొప్పదనీ అనేది. నా దగ్గర క్యాసెట్ ఉంది. పెట్టి వినిపించాను. రెండు చరణాలకే అయిపోయింది. నువ్వే కట్టావు అన్నాను.

"నాను కట్టగలనేటండీ అలాటి మాటలు? మీరు ఇన్నాది సగం పాట" అంది.

నేను నవ్వాను. అక్కడితో ఆగలేదు. ప్లాంటు స్నేహితులు ఇంటికొస్తే, ఇదిగో మా కవయిత్రి గారు, సినిమా పాటలకి చరణాలు అతికిస్తుంటారు అని పరిచయం చేశాను. ఒకసారి కాదు. మొదటి రెండుసార్లు తనూ నవ్వింది. తర్వాత నా ఎదురుగా మూడో చరణం పాడటం మానేసింది. సాయంత్రం షిఫ్టు దిగి వస్తుంటే వీధిలోంచి వినబడేది. గేటు చప్పుడవగానే ఆగిపోయేది. ముప్పై ఐదేళ్ళు ఆ పాట మా ఇంట్లో గేటు దగ్గర ఆగిపోయింది. 2021లో తనే వెళ్ళిపోయింది.

నలుగురి ముందు నవ్వినవాణ్ణి కనక నలుగురి ముందే చెప్పాలి. నాకు కావలసింది అదొక్కటే. అయితే ఉత్త చేతులతో చెబితే ముసలాయన భార్య మీద బెంగతో అంటున్నాడని జాలిపడి ఊరుకుంటారు. నాకు జాలి వద్దు. పాట కావాలి.

ఫిబ్రవరి 18న కలిసినప్పుడు అనిరుధ్ ఆ పాట పెట్టాడు. ఇంటర్నెట్లో ఉన్నది అదొక్క ప్రతే. పెట్టింది కూడా అతనే, వాళ్ళ నాన్న క్యాసెట్ నుంచి. పోర్టులో పనిచేసి పోయిన ఆ తండ్రి చేతిరాత ఆ డబ్బా మీద ఇంకా చెరగకుండా ఉంది. అంతకు ముందు వారం రోజులూ నేను దాన్ని చెవులకి తగిలించుకుని విన్నాను. కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసినవాడికి చప్పుడులో తేడా తెలుస్తుంది. చివర్లో పాట మెల్లగా తగ్గుతున్నప్పుడు వెనకనున్న రికార్డు గరగర కూడా దానితోపాటే తగ్గుతోంది. స్టూడియోలో తగ్గించి ఉంటే గరగర అలాగే ఉండాలి. అంటే క్యాసెట్‌లోకి ఎక్కించేటప్పుడు ఎవరో చేత్తో వాల్యూమ్ తగ్గించారు. ఈ సంగతి చెప్పాను.

అనిరుధ్ మర్యాదగానే విన్నాడు గానీ ముఖం చిన్నబోయింది. "అంటే నాన్న క్యాసెట్ తప్పంటారా అంకుల్? లక్ష మంది విన్నారు దాన్ని. ఒక్కరూ అనలేదు."

మీ నాన్నగారి తప్పేమీ లేదన్నాను. ఆయన విన్నదే నేనూ విన్నాను, నా క్యాసెట్టూ అక్కడే ఆగుతుంది. ఆ రోజుల్లో మనం పాటల జాబితా రాసిస్తే వన్ టౌన్‌లో ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవారు కదా, మనందరివీ ఒక చోటనుంచే వచ్చి ఉంటాయి అన్నాను.

"అయితే వినిపించండి. వినిపిస్తే మొదటి ఓటు నేనే వేస్తాను" అన్నాడు. అందులో ఎగతాళి లేదు. నియమం అంతే.

ఆర్టీసీ కాంప్లెక్సు దాకా మా గ్రూపు హరిచందన నాతో నడిచింది. పోర్టు ఆఫీసులో చేస్తుంది, పాతికేళ్ళ పిల్ల. నా సంచీ తనే పట్టుకుంది. బస్సు కోసం నిలబడి ఉండగా అడిగింది: "ఆంటీ ఎక్కడ విన్నారంకుల్ ఆ చరణం?"

ముప్పై ఐదేళ్ళు లేదని వాదించాను గానీ ఎక్కడ విన్నావని ఒక్కసారి కూడా అడగలేదు. బస్సు వచ్చింది, ఎక్కాను. ఎవరో లేచి సీటిచ్చారు. గాజువాక వచ్చేదాకా తల కిటికీకే పెట్టుకున్నాను.

మర్నాడే వన్ టౌన్ వెళ్ళాను. సూర్యకళ పిన్ని చిట్టమ్మ కురుపాం మార్కెట్ వెనక సందులో ఉంటుంది. ఎనభై దాటాయి. నన్ను చూడగానే అన్నం పెట్టబోయింది. కాఫీతో సరిపెట్టమని బతిమాలి విషయం అడిగాను. వాళ్ళ ఇంట్లో ఆ రోజుల్లో రేడియో లేదు. అమ్మవారి పండక్కీ పెళ్ళిళ్ళకీ సందులో కట్టే మైకు సెట్టే వాళ్ళ సంగీతం. జాలరిపేట నుంచి అప్పలరాజు తెచ్చేవాడు, రికార్డులు పెట్టేవాడు. పాటలన్నీ మన పిల్ల అక్కడే నేర్చింది, మైకు బాకా కింద చాప ఏసుకుని పడుకునీది అంది పిన్ని.

అప్పలరాజు ఉన్నాడు. చేపల వేట కొడుకులకి అప్పగించి, సముద్రం ఒడ్డున చిన్న గదిలో పాత బాకాల మధ్య కూర్చుంటున్నాడు. ఇప్పుడు పండగలకి అందరూ పెద్ద బాక్సులు పెట్టుకుంటున్నారు, ఈ మైకు సెట్టు ఎవరికీ అక్కర్లేదు. మొదటిసారి వెళితే రికార్డులా, ఎప్పుడో పోనాయి అన్నాడు. గోడవార గోనెగుడ్డ కింద పేర్చినవి ఏమిటని నేను అడగలేదు. మూడు రోజులాగి మళ్ళీ వెళ్ళాను. ఈసారి రికార్డులున్నాయనీ, మెషీను బెల్టు తెగిందనీ ఒప్పుకున్నాడు. దారంతో చుట్టుకొలత తీసుకుని, వన్ టౌన్‌లో ఆరు రిపేరు షాపులు తిరిగి, ఏడో చోట సరిపోయేది దొరకబుచ్చుకుని మూడోసారి వెళ్ళాను. బెల్టు చేతిలో పెడితే దాన్ని కాసేపు సాగదీసి చూశాడు.

"బావా, నువ్వు పట్టు ఒగ్గీలాగ లేవు" అన్నాడు.

రికార్డు ఉంది. అయితే గడప దాటనివ్వనన్నాడు. ఒకే ఒక్కసారి దాటిందట. వన్ టౌన్ రికార్డింగు షాపువాడు కృపానిధి పాటలు ఎక్కించుకుంటానని పట్టుకెళ్ళాడు. క్యాసెట్‌లో ఒక పక్క అయిపోవచ్చేసరికి ఈ పాట పూర్తిగా పట్టలేదు. టక్కున తెగితే కొన్నవాళ్ళు గొడవ చేస్తారని గుండ్రటి మీట మెల్లగా తిప్పేసి, అక్కడితో అయిపోయినట్టు చేశాడు. తర్వాత ఊరంతటికీ ఆ క్యాసెట్ నుంచే తీసిచ్చాడు. రికార్డు మాత్రం పెద్ద గీతతో తిరిగొచ్చింది.

"అందికే ఇవ్వను. ఫోన్లో అట్టుకెళ్ళి ఇనిపిత్తానంటే అదీ ఒల్లను. పాట కావాలంటే మడుసులే రావాల" అన్నాడు.

బెల్టు వేసి మరో రికార్డు తిప్పి చూశాడు. బాగానే పలికింది. రేవు పాట పెట్టనా అన్నాడు. వద్దన్నాను. ముందే విని, అందులో ఆ చరణం లేదనుకోండి, నేను ఇంటికి పోయి ఫోన్ కట్టేసి పడుకుంటాను. నా సంగతి నాకు తెలుసు. అందరితో కలిసే వింటాను అన్నాను.

గ్రూపులో రాశాను. ఈసారి కోచింగ్ సెంటర్లో కాదు, జాలరిపేటలో కలుద్దాం. కొందరు ఎండన్నారు, కొందరు దూరమన్నారు. రోజూ పొద్దున్న ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. అనిరుధ్‌కి మాత్రం ఇంటికెళ్ళి చెప్పాను, వాళ్ళ నాన్న క్యాసెట్ కూడా తెమ్మన్నాను.

మార్చి 17 సాయంత్రం పద్నాలుగు మంది ఆటోలు దిగారు. గది చాలక సగం మంది ఇసకలో చెప్పుల మీద కూర్చున్నారు. పక్కింటి పోతమ్మ ఎండుచేపలు గంపకెత్తుతూ ఈ జనాన్ని వింతగా చూసింది. అప్పలరాజు బాకాని గుమ్మానికి ఆనించి, రికార్డుని తన లుంగీ అంచుతో తుడిచి, ముల్లు దించాడు.

పల్లవి, మొదటి చరణం. క్యాసెట్‌లో ఎప్పుడూ వినని వీణ ఒకటి కింద నుంచి పలుకుతోంది. రెండో చరణం చివర గీత తగిలింది. ముల్లు వెనక్కి ఎగిరి ఒకే ముక్కని మళ్ళీ మళ్ళీ అనడం మొదలుపెట్టింది. అనిరుధ్ నా వైపు చూశాడు. అప్పలరాజు ఏమీ కంగారుపడకుండా జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి ముల్లు తల మీద పెట్టాడు. ఆ బరువుకి అది గీత దాటింది. వేణువు వచ్చింది. ఆ వెనకే, ఎవరూ వినని చోట నుంచి గొంతు లేచింది.

"దీపం ఆర్పిన చేతికి తెలుసు
ఎవరి కోసం పొద్దుపోయిందో..."

ఒక్క అక్షరం తేడా లేదు. బియ్యం కడిగే చోట విన్న మాటలే. సాగదీసే చోట తనూ అలాగే సాగదీసేది. నేను కళ్ళు మూసుకోలేదు. అందరి ముఖాలూ చూస్తూ విన్నాను. హరిచందన నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అనిరుధ్ తల వంచుకుని డబ్బా మీది చేతిరాతనే చూస్తున్నాడు.

బయట పోతమ్మ గంప దించింది. "ఏటి మావా, పందిరే లేదు, ఇప్పీమంతన్నావేటి?"

నవ్వులు తగ్గాక అప్పలరాజు వివరించాడు. ఏ పండగైనా ఆఖరున ఈ పాటే వేసేవాడట. ఇది పడిందంటే ఇంక పందిరి విప్పేస్తారని లెక్క. అప్పటికి జనం సద్దుమణిగి, పిల్లలు చాపల మీద వాలి ఉంటారు. అందుకే ఈ పేటలోనూ వన్ టౌన్ సందుల్లోనూ ఆ చివరి చరణం రాని ఆడపిల్ల ఉండేది కాదు. క్యాసెట్లు కొనుక్కున్న మాకే తెలియదు.

నేను లేచి నిలబడ్డాను. "ఈ అభిప్రాయం నాది కాదండి. మా ఆవిడది. కృపానిధి గారి పాటల్లో ఇదే గొప్పదని పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది. నేను నమ్మలేదు. నలుగురిలో నవ్వాను కూడా. తను చెప్పిందే నిజం. అదే చెబుదామని మిమ్మల్ని ఇంత దూరం రప్పించాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందుకు వాళ్ళకి రుణపడి ఉంటాను. అనిరుధ్ చెయ్యెత్తాడు. తర్వాత ఇంకొకరు, తర్వాత అందరూ. పోతమ్మ కూడా ఎత్తింది. లెక్కలో వెయ్యాలా వద్దా అని కాసేపు వాదించుకుని, వేశారు.

అనిరుధ్ పక్కకొచ్చి, ఇంటర్నెట్లో ఉన్నది తీసేస్తాను అన్నాడు. వద్దన్నాను. "మీ నాన్నగారు విన్నంతవరకూ అంతా సరిగ్గానే విన్నారు బాబూ. దాన్ని ఉంచు. మిగతాది ఇక్కడుందని రాయి, వినాలనుకున్నవాళ్ళు వస్తారు." తలూపాడు. ఆ క్యాసెట్‌ని చొక్కా జేబులో పెట్టుకుని పైనుంచి ఒకసారి తడుముకున్నాడు.

పుస్తకం కోసం వివరాలు రాసుకుంటున్న హరిచందన, సూచించినవారు అన్న చోట ఆగి నన్ను చూసింది.

"సూర్యకళ, వన్ టౌన్" అన్నాను. రాసుకుంది.

చీకటి పడేలోగా ఆటోలు వెళ్ళిపోయాయి. నేను ఉండి బాకా లోపల పెట్టించాను. రికార్డుని కవర్లోకి తోసి గోనెగుడ్డ కప్పాడు అప్పలరాజు. తెల్లవారకుండా హార్బరుకి వెళ్ళాల్సిన కోడలు పక్క గదిలో అప్పటికే నిద్రపోయింది. మాట్లాడొద్దని నాకు సైగ చేసి, తలుపుని కింద నుంచి కాస్త ఎత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరగా వేసి, గొళ్ళెం పెట్టాడు.