కార్డుకి పెట్టిన బొట్టు

దసరా వెళ్లిన మూడో రోజు పొద్దున్న ఆకాశం ఒక పక్క కురుస్తూ, ఇంకో పక్క కాస్తూ ఉంది. కాలవకి ఇవతల చేల మీద ఎండ, అవతల ఊరి మీద సన్నటి జల్లు. లాకుల వంతెన మీద మోపెడ్ ఆపి, ఎడమ పక్క ఇనుప కమ్మీల కేసి చూశాడు వీరబ్రహ్మం. రోజూ చూస్తాడు. కమ్మీకి ఒక ప్లాస్టిక్ తాడు ముక్క ఇంకా వేలాడుతోంది. దాన్ని అతను విప్పలేదు, ఇంకొకర్ని విప్పనివ్వలేదు.

ఐదేళ్ల కిందట ఆ కమ్మీలకి అతని బొమ్మ కట్టారు. పదడుగుల ఫ్లెక్సీ. నిచ్చెనెక్కి, ఒక కుంచె పళ్ల మధ్య కరుచుకుని, ఇంకో కుంచెతో ఎరువుల కొట్టు గోడ మీద అక్షరాలు రాస్తుంటే, కింద నుంచి పిలిచి, అతను తిరగ్గానే మొహం పడేలా ఫోటో తీశాడు లోకనాథ్. బొమ్మ కింద ‘ఇంకా ఇలాగేనా?’ అని వేయించాడు. ఆ కిందే కొత్తగా పెట్టిన తన ఫ్లెక్సీ షాపు పేరు.

ఐదు నెలలుంది ఆ బొమ్మ. సంతకెళ్లేవాళ్లు “ఏం బ్రహ్మం, ఇంకా ఇలాగేనా?” అని నవ్వుకుంటూ పోయేవారు. అతని భార్య వీరవేణి వంతెన ఎక్కడం మానేసి, అర మైలు చుట్టు తిరిగి రేవుకి వెళ్లేది. వీరబ్రహ్మం కుంచెలు సంచి అడుగున పడేశాడు. తణుకులో మేనల్లుడి కంప్యూటర్ల కొట్లో చేరి, నలభై ఆరో ఏట స్క్రూలు విప్పడం దగ్గర్నుంచి నేర్చుకున్నాడు. అందులోనూ ఫ్లెక్సీ మిషన్లకి తగిలించే కంప్యూటర్లంటే పక్కన కూర్చుని మరీ చూసేవాడు. ఎందుకు మావయ్యా అనడిగితే, “పని పడుద్ది” అన్నాడు.

నిన్న సాయంత్రం పని పడింది.

“బ్రహ్మంగారూ, నేనండి, లోకనాథ్‌ని. పండగెళ్లిన కాణ్ణుంచి మిషను కార్డు కంప్యూటర్‌కి కనపట్టం లేదండి. ఇద్దరొచ్చి చూశారు, విండోస్ కూడా మళ్లీ ఎక్కించారు. మరి మీరైతే...”

“రేపొస్తాను.”

షాపు, ఇల్లు ఒకటే. ముందు గదిలో పడవంత మిషను, వెనక వంటిల్లు, ఆ వెనక దొడ్డి. వీరబ్రహ్మం కంప్యూటర్ డబ్బా పక్క రేకు విప్పి లైటు వేశాడు. కంప్యూటర్‌ని మిషనుకి కలిపే అరచెయ్యంత కార్డు. దాని నడి మధ్యన ఎర్రగా కుంకుమ బొట్టు. బొట్టు కింద గంధం కారి, ఎండి, కార్డు అంచున బంగారు రంగు పళ్ల మీదుగా గాడిలోకి దిగింది. రోగం అక్కడే ఉంది. రెండు సార్లు చూడక్కర్లేదు.

“ఏమైందంటారు?” అన్నాడు లోకనాథ్.

“చూడాలండి. లైటు పట్టుకోండి. బల్ల కిందికి రండి.”

కార్డుని ముట్టుకోకుండా వైరు తీసి పెట్టాడు, కంప్యూటర్ ఆన్ చేశాడు. కార్డు దొరకలేదని తెర మీద పడింది. వైరు మార్చాడు. దొరకలేదు. కరెంటు ప్లగ్గు మార్చాడు. దొరకలేదు. ఒక్కోసారి కంప్యూటర్ లేవడానికి నాలుగేసి నిమిషాలు. ప్రతిసారీ లోకనాథ్ బల్ల కింద గొంతుక్కూర్చుని లైటు పట్టాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

“ఇంకాస్త వంగండి,” అన్నాడు వీరబ్రహ్మం.

గుమ్మంలో మోటార్‌సైకిల్ ఆగింది. రొయ్యల చెరువుల గణేష్‌బాబు.

“ఏమయ్యా లోకనాథూ, రేపు మా అమ్మాయి ఓణీల ఫంక్షను. బల్ల కింద ఏం వెతుకుతున్నావ్?”

“గంటలో ఇచ్చేత్తానండి.”

“నిన్నా గంటే అన్నావ్. ఆ గంటలన్నీ తీసుకెళ్లి గుళ్లో కట్టు. పన్నెండింటికి ఫ్లెక్సీ లేదనుకో, తణుకు పోతాను. మా చుట్టాలందర్నీ కూడా అటే పంపిత్తాను.”

అతను వెళ్లాక వీరబ్రహ్మం చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్లాడు. నాలుగు సరుగుడు గుంజలు పాతి, చుట్టూ పాత ఫ్లెక్సీలు కట్టిన స్నానాల దడి. దాని ముందు పక్కన తన మొహం. తల్లకిందులుగా ఉంది. ఎండకి చెంపలు తెల్లబోయాయి, కుంచె కరిచిన పళ్ల మీద నాచు పట్టింది. నీళ్లు ధారగా పోతున్నా కుళాయి కట్టకుండా చూస్తూ నిలబడ్డాడు.

మధ్యాహ్నం దాకా లోకనాథ్‌ని బల్ల కింద వంచి, తర్వాత బాగుచేసి పోదామనే వచ్చాడు. అంతటితో చాలనుకున్నాడు. ఇప్పుడది చాల్లేదు.

లోపలికొచ్చి స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టేశాడు.

“రోగం తెలిసిందండి. పది నిమిషాల పని.”

“అమ్మయ్య! బతికించారు. కానివ్వండి మరి.”

“ముందు దొడ్లో నా బొమ్మ విప్పుకురండి.”

లోకనాథ్ మొహంలో రంగు మారింది. “అది... పాతది కదాని పనోళ్లెవరో కట్టేశారండి. పనికుర్రాణ్ణి పంపి విప్పిత్తాను.”

“మీ చేత్తో. పై ముడి ఎత్తులో ఉంది. నిచ్చెన తెచ్చుకోండి.”

గోడ మీది గడియారం పదకొండున్నర దాటింది. లోకనాథ్ నిచ్చెనెక్కాడు. వానకి నాని, ఎండకి బిగిసిన ముళ్లు వేళ్లకి లొంగలేదు. చివరికి తాడు పళ్లతో పట్టి లాగాడు.

“లోకనాథ్‌గారూ, ఇటు,” అని పిలిచాడు వీరబ్రహ్మం.

తిరగ్గానే ఫోన్లో ఫోటో తీశాడు.

లోకనాథ్ తల్లి లోవమ్మ వంటింటి గుమ్మంలోంచి తొంగి చూసింది. “ఒరే, పరదా లాగేత్తే నేనెక్కడ నీళ్లు పోసుకోవాల్రా? ఏం బ్రహ్మం, ఆ బొమ్మ నీదా? నాకు కళ్లానవు నాయనా. ఇన్నాళ్లూ ఎవరో సినిమా ఆయననుకున్నాను.”

అప్పటికే మళ్లీ వచ్చి నిలబడ్డ గణేష్‌బాబు పగలబడి నవ్వాడు.

వీరబ్రహ్మం కరెంటు ఆపి, కార్డు ఊడబెరికాడు. పెన్సిల్ రబ్బరుతో దాని పళ్లు ఒక్కోటీ మెరిసేదాకా రుద్దాడు. సంచి అడుగు నుంచి పాత రెండో నంబరు కుంచె తీసి గాడిలో ఊడ్చాడు. ఎర్రటి పొడి లేచింది.

“బొట్టెవరు పెట్టారు?”

లోకనాథ్ నేల చూపులు చూశాడు. “మిషనుకి ప్రాణం ఆ కార్డేనన్నారండి. ఆయుధపూజ కదాని బయటికి తీసి, గంధం రాసి, బొట్టు పెట్టి మళ్లీ దూర్చాను.”

“అమ్మవారికైనా బొట్టు నుదుట పెడతాం గానీ నోట్లో కుక్కం కదయ్యా!” అన్నాడు గణేష్‌బాబు.

కార్డు మళ్లీ గాడిలో దూర్చి కరెంటు వేయగానే కంప్యూటర్ లేచింది. తెర మీద కార్డు పేరు పడింది. లోకనాథ్ దణ్ణం పెట్టబోయాడు.

“ఆగండి. పరీక్షకి ఒకటి కొట్టాలి,” అని వీరబ్రహ్మం ఫోను తగిలించాడు. తెర నిండా నిచ్చెన మీద లోకనాథ్, పళ్ల మధ్య తాడు. దాని కింద వీరబ్రహ్మం ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ ‘ఇంకా ఇలాగేనా?’ అని కొట్టాడు. కొలత పదడుగులు పెట్టాడు.

“నొక్కండి. మీ షాపు, మీరే నొక్కాలి.”

లోకనాథ్ గుమ్మం కేసి చూశాడు. గణేష్‌బాబు వాచీ చూసుకుంటున్నాడు. లోకనాథ్ నొక్కాడు.

ముందు నిచ్చెన కాళ్లొచ్చాయి. తర్వాత మోకాళ్లు, బొజ్జ, చెమట మరకలు. మిషను అటూ ఇటూ తిరుగుతూ అంగుళం అంగుళం అతని మొహాన్ని అతని ముందే బయటికి తోసింది. దాని వెనకే ఓణీల ఫ్లెక్సీ వచ్చింది. గణేష్‌బాబు అది పట్టుకుని, పరీక్ష ఫ్లెక్సీని ఇంకోసారి చూసి, నవ్వుకుంటూ పోయాడు.

వీరబ్రహ్మం పాత బొమ్మనీ కొత్త బొమ్మనీ కలిపి చుట్టాడు. విప్పిన తాడుతోనే కట్టాడు.

“అదెక్కడ కడతారండి?”

“లాకుల వంతెన మీద.”

“ఎప్పుడండీ?”

“రోజూ అటే కదా వెళ్తారు. చూసుకుంటా వెళ్లండి.”

లోవమ్మ అప్పటికే వంటింట్లో మూడు ఆకులు వేసింది. “పనికొచ్చిన మనిషి ఆకలితో వెళ్తే ఈ ఇంటికి మంచిది కాదు. రండ్రా ఇద్దరూ,” అంది. ఆ ముసలామె మీద అతనికి కోపం లేదు. కూర్చున్నాడు. ఫ్లెక్సీల చుట్టని ఎడం తొడ పక్కన పెట్టుకున్నాడు. దాని ఇంకు వాసన ఇంకా పోలేదు.

ముద్దపప్పు, వంకాయ పచ్చిపులుసు. లోకనాథ్ పప్పన్నం కలుపుతూ చుట్ట కేసి చూశాడు. మళ్లీ కలిపాడు. లోవమ్మ అడక్కుండానే ఇద్దరికీ మారు వడ్డించి, తనూ కూర్చుంది. ముగ్గురూ మజ్జిగన్నం దాకా తిన్నారు.